అక్క శుభలేఖ, నాగాయలంక చీటీ

“నా దగ్గర బాగానే వస్తోందే!”

కంప్యూటరు మీద నాలుగు లైన్లు రాసి ఇంకొకరి చేతిలో పెట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అన్న మాటే ఇది. మీరింకా అనలేదంటే మీరు రాసింది ఇంకా ఎవరి చేతికీ వెళ్ళలేదన్నమాట. నేను మాత్రం ఈ మాటని బందరులో మా ఇంట్లో కూర్చుని, నాగాయలంకలో ఉన్న ఒక పెద్దాయన మీద, ఫోన్లో, కాస్త విసురుగా అన్నాను. అందులో ఆయన తప్పు వీసమెత్తు లేదు.

2020 లాక్‌డౌన్‌కి హైదరాబాదులో గది ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. పగలంతా ఆఫీసు పని, సాయంత్రం ఖాళీ. మా నాన్న స్నేహితుడొకాయనది రొయ్యల మేత వ్యాపారం. బందరులో గోడౌను, గుడివాడలో ఒక కొట్టు, దివిసీమలో నాగాయలంకలో ఇంకో కొట్టు. మా వైపు మేత వ్యాపారమంటే అరువు వ్యాపారమే. చెరువులో పిల్ల వదిలిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా రైతు మేతా మందులూ ఖాతా మీద తీసుకెళ్తాడు. మధ్యలో చేతిలో ఆడినంత కడతాడు. రొయ్య అమ్మాక కూర్చుని లెక్క తేల్చుకుంటారు. లాక్‌డౌన్లో రైతులు కొట్టుకి రావడం తగ్గేసరికి షావుకారు గారు, “ఒరే అబ్బాయ్, ఎవరి లెక్క వాళ్ళకి తెలుగులో చీటీ వేసి, వాట్సాప్‌లో కూడా పంపేలా ఏదన్నా చెయ్యరా” అన్నారు. ఎగిరి గంతేశాను. ఆఫీసులో ఎవరి కోసం రాస్తున్నానో తెలియని కోడు రాసీ రాసీ విసుగెత్తి ఉన్నాను.

పైథాన్‌లో రాశాను. చీటీని ముందు వెబ్ పేజీలా తయారుచేసి, వీజీప్రింట్ అనే లైబ్రరీతో దాన్ని ప్రింటు కోసం పీడీఎఫ్ గానూ, వాట్సాప్ కోసం పీఎన్‌జీ బొమ్మ గానూ మార్చేవాణ్ణి. ఇక్కడ కొంచెం లోపలి సంగతి చెప్పాలి. తెలుగును కాగితం మీద పెట్టడం ఇంగ్లీషంత తేలిక కాదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికి కంప్యూటర్లోకి ఆరు సంకేతాలు వెళ్తాయి. ఆ ఆరింటినీ ఒక బొమ్మగా పేర్చేది హార్ఫ్‌బజ్. లైను ఎక్కడ విరగాలో చూసేది పాంగో. ఏ ఫాంటు తియ్యాలో చెప్పేది ఫాంట్‌కాన్ఫిగ్. ఈ మూడూ పైథాన్ సరుకు కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ సరుకు. మనం ముచ్చటగా రాసుకునే రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో వీటి పేరు కూడా ఉండదు. ఇదంతా నాకు తెలుసు. పొగ తాగితే ఆరోగ్యం పాడవుతుందని పొగ తాగేవాడికి తెలిసినట్టు తెలుసు.

ఫాంటు మండలి. సిలికానాంధ్ర వాళ్ళు అందరికీ ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లలో ఒకటి, గీసినవారు పురుషోత్ కుమార్ గుత్తుల. దివిసీమలో మండలి అన్న పేరు వింటే ఎవరికైనా మండలి వెంకట కృష్ణారావు గారే గుర్తొస్తారు, 1977 ఉప్పెన తర్వాత ఆ ఊళ్ళని నిలబెట్టడానికి తిరిగిన మనిషి. దివిసీమ రైతుకి మండలి అక్షరాల్లో లెక్క వెళ్తోందని నాకు లోలోపల ఒక మురిపెం కూడా ఉండేది.

మొదట గుడివాడ కొట్టులో పెట్టాను. అప్పుడే నా ల్యాప్‌టాప్‌కి కొత్త డిస్కు వేసుకున్నాను. గుడివాడ కంప్యూటర్లో డిస్కు పాడైంది. ఇంకేం, నా పాత డిస్కునే, అందులో ఉన్నదంతా ఉన్నట్టే, దానికి బిగించేశాను. ప్రోగ్రాం మొదటి దెబ్బకే పనిచేసింది. షావుకారు గారు భుజం తట్టారు. నా కోడు ఎక్కడ పెట్టినా పనిచేస్తుందని నాకు ఆ రోజే నమ్మకం కుదిరింది. కోడు ఎక్కడికీ వెళ్ళలేదనీ, నా కంప్యూటరే గుడివాడ వచ్చి కూర్చుందనీ తట్టలేదు.

తర్వాత నాగాయలంక. అక్కడ కొత్త కంప్యూటరు. ఉబుంటు ఎక్కించి, రిక్వైర్‌మెంట్స్ ఫైలు నడిపి, రెండు సరుకులతో ఒక నమూనా చీటీ కొట్టి చూశాను. తెలుగు శుభ్రంగా వచ్చింది. ఒత్తులు ఒత్తుల్లాగే ఉన్నాయి. గుమాస్తా బాబాయ్ గారికి ఎలా వాడాలో చూపించి, చీకటి పడకముందే అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బందరు బస్సెక్కేశాను.

కొన్ని వారాలకి ఫోనొచ్చింది.

“బాబూ, ఇక్కడ రైతు గొడవ చేస్తున్నాడు. మొన్న కట్టిన లక్షా ఇరవై వేలూ చీటీలో లేవంటున్నాడు. చూశాను, నిజంగానే లేవు.”

“జమ ఎక్కించారా బాబాయ్?”

“ఎక్కించకుండా ఎలా ఉంటాను బాబూ? నా చేత్తో ఎక్కించాను.”

“అయితే ఇంకోసారి చూడండి. గుడివాడలో ఉన్నదీ ఇదే ప్రోగ్రాం. నా దగ్గర బాగానే వస్తోందే!”

వెనక నుంచి రైతు గొంతు వినబడుతూనే ఉంది, “కట్టిన డబ్బులు కంప్యూటరు మింగేసిందా ఏందయ్యా” అని. షావుకారు గారు తన ఫోన్లో వాట్సాప్ బొమ్మ తెరిచి చూస్తే అందులో జమ భేషుగ్గా ఉంది. ప్రోగ్రాం తప్పు కాదని తేలిపోయింది కదా! ప్రింటరన్నాను, కాగితం సైజన్నాను, అవనిగడ్డ నుంచి వచ్చే కరెంటు వోల్టేజీ అన్నాను. ఆఖరికి షావుకారు గారితో, “ఆయనకి కంప్యూటరు అలవాటు లేదు కదండీ, కాస్త చూసుకుని చెయ్యమనండి” అని కూడా అన్నాను. ఈ ఒక్క మాట రాయకుండా దాటెయ్యొచ్చు. కానీ ఆ పెద్దమనిషి వల్లే తర్వాత బయటపడ్డాను కాబట్టి రాస్తున్నాను.

రెండోసారి అదే గొడవ వచ్చాక బస్సెక్కక తప్పలేదు. గుడివాడలో కొట్టిన చీటీ ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళాను, ఆయన ముఖాన చూపిద్దామని. నాగాయలంక కొట్టులో అదే రైతు లెక్క తీయించి ప్రింటు కొట్టమన్నాను. ఆయన పీడీఎఫ్ తెరిచి, ప్రింటు అడిగే చోట ‘పేజీ 1’ అని జాగ్రత్తగా కొట్టారు.

“అదెందుకు బాబాయ్?”

“మీరే చెప్పారుగా బాబూ, ఒక్కో చీటీకి ఒక్కటే కాగితం, రెండోది వస్తే వేస్టని.”

చెప్పాను. రెండో పేజీ ఎప్పుడైనా ఖాళీగా వస్తుందేమోనని చెప్పాను. ఆ రెండో పేజీ తెరిచి చూస్తే, అందులో తాపీగా కూర్చుని ఉన్నాయి జమా, నికర బాకీ. వాట్సాప్ బొమ్మలో రెండు పేజీలూ ఒకదాని కింద ఒకటి అతుక్కుని వెళ్తాయి కాబట్టి అక్కడ కనబడ్డాయి. కాగితం మీద మాత్రం రైతు తీసుకున్నది ఉంది, కట్టింది లేదు.

మరి గుడివాడలో ఒక్క పేజీలో పట్టింది ఇక్కడెందుకు పట్టలేదు? రెండు చీటీలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ట్యూబులైటు వైపు ఎత్తి చూశాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. నాగాయలంక చీటీలో అక్షరం వెడల్పు. ‘మినరల్ మిక్చర్’ గుడివాడలో ఒక లైన్లో ఉంటే ఇక్కడ విరిగి రెండో లైన్లో పడింది. అలా నాలుగైదు సరుకులు విరిగేసరికి పట్టిక కిందికి జారి, అడుగున ఉన్న జమ పక్క పేజీకి పోయింది. రెండు సరుకుల నమూనా చీటీకి ఈ బాధెందుకుంటుంది?

కంప్యూటరు దగ్గర కూర్చుని ‘పీడీఎఫ్‌ఫాంట్స్’ అనే కమాండు కొట్టాను. ఒక పీడీఎఫ్‌లో ఏయే ఫాంట్లు ఉన్నాయో చెప్పేస్తుంది. మండలి లేదు. ‘లోహిత్ తెలుగు’ అని ఉంది. ఉబుంటుతో పాటు వచ్చిన ఫాంటు అది. ఫాంట్‌కాన్ఫిగ్ స్వభావమే అంత: అడిగింది దొరక్కపోతే గొడవ చెయ్యదు, తన దగ్గరున్నవాటిలో పనికొచ్చేది తీసి ఇచ్చేస్తుంది. వెబ్ పేజీ చదువుకునేవాడికి అది మేలు. లెక్క చీటీకి కాదు.

అప్పుడు తట్టిన ప్రశ్న ఇదీ: ఈ మిషన్లో మండలి లేదు, సరే. నేనెక్కడా ఎక్కించలేదు కాబట్టి లేదు. మరి నా మిషన్లో ఎక్కడి నుంచి వచ్చింది? ప్రోగ్రాంలో భాగంగా దాన్ని దించుకున్న గుర్తు నాకు లేదు. ఫోన్లో తమ్ముణ్ణి నా ల్యాప్‌టాప్ తెరవమని, ఫాంట్ల ఫోల్డర్లో ఏముందో చదవమన్నాను. ఫైలు తేదీ 2018 నాటిది. మా అక్క పెళ్ళి! ప్రెస్సు వాళ్ళు చూపించిన శుభలేఖలు నచ్చక, నేనే వేస్తానని పంతం పట్టి, ఓ రాత్రి నాలుగైదు తెలుగు ఫాంట్లు దించుకుని డబుల్ క్లిక్కుతో ఎక్కించుకున్నాను. శుభలేఖ అయిపోయింది, పెళ్ళయిపోయింది, మేనల్లుడు కూడా పుట్టాడు. ఫాంటు అలాగే ఉండిపోయింది. పాత డిస్కుతో గుడివాడ కూడా వెళ్ళింది. నాగాయలంకకి మాత్రం వెళ్ళలేదు.

అంటే కృష్ణా జిల్లాలో మూడు చోట్ల నడుస్తున్న ఒక వ్యాపారపు లెక్క మా అక్క శుభలేఖ మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి ఏ ఫైల్లోనూ లేదు, నా బుర్రలోనూ లేదు. ఇంకెన్ని ఇలాంటివి ఉన్నాయో చూద్దామని, ఒక కాగితం తీసుకుని ‘ఖాళీ మిషను నుంచి ఈ ప్రోగ్రాం నడిచేదాకా ఏమేం చెయ్యాలి’ అని రాయబోయాను. ఐదో లైను దగ్గర ఆగిపోయాను. పాంగో ఏ వెర్షను? తెలియదు. దాన్ని నేను ఎక్కించానా, ఇంకేదో ఎక్కిస్తే కూడా వచ్చిందా? తెలియదు. నేను రాసిన ప్రోగ్రామే, నాకే రాయడం రాలేదు.

బాబాయ్ గారు టీ తెప్పించి, “ఏం తేలింది బాబూ?” అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను, క్షమించమని కూడా అడిగాను. అంతా విని ఆయన, “అయితే బాబూ, అక్కగారి పెళ్ళికి గుడివాడ వాళ్ళని పిలిచి మమ్మల్ని పిలవలేదన్నమాట” అన్నారు. సమస్యని ఇంతకన్నా సరిగ్గా చెప్పిన పుస్తకం నేనింతవరకూ చదవలేదు.

పెడనలో కలంకారీ అద్దేవాళ్ళు అచ్చు ఎంత చూసుకుంటారో కాలవ నీళ్ళూ అంతే చూసుకుంటారు. అచ్చూ కరక్కాయా పటికా అన్నీ అవే అయినా, నీళ్ళు మారితే ఎరుపు మారుతుంది. నేను నాగాయలంకకి అచ్చు పంపించి, నీళ్ళు బందరులోనే ఉంచుకున్నాను.

ఇక్కడితో బుద్ధి వచ్చిందనుకుంటున్నారేమో. సగమే వచ్చింది. రెండో తప్పు మొదటిదానికన్నా చిరాకైనది, ఎందుకంటే అది తెలివితో చేసినది.

డాకర్ గురించి అప్పటికే అందరూ చెబుతున్నారు. ప్రోగ్రామూ, లైబ్రరీలూ, ఫాంట్లూ అన్నీ కలిపి ఒకే ఇమేజిగా కట్టేసి ఎక్కడికైనా పంపొచ్చు. 2021 జూన్‌లో కూర్చుని డాకర్‌ఫైల్ రాశాను. మండలి ఫాంటు అందులో పెట్టాను. మూడు చోట్లా ఒకటే ఇమేజి, మూడు చోట్లా ఒకటే చీటీ. ఆఫీసులో కుర్రాళ్ళకి ఉపన్యాసాలు కూడా ఇచ్చాను.

డాకర్‌ఫైల్లో నేను రాసింది ఏమిటయ్యా అంటే: ‘పైథాన్ 3’ తీసుకో, ఉన్నవాటిలో కొత్త పాంగో తీసుకో, వీజీప్రింట్ ఎక్కించు. ఒక్కదానికీ వెర్షను లేదు. అంటే ఆ ఫైలు ‘ఈ రోజు బజార్లో ఏది ఉంటే అది’ అని చెబుతోంది. కట్టిన ఇమేజి మారదు, నిజమే. మళ్ళీ కడితే మాత్రం వేరేది వస్తుంది. ఈ రెంటికీ తేడా నాకు తెలియక కాదు, నేను మళ్ళీ ఎప్పుడు కడతాన్లే అనుకున్నాను.

అదే ఏడాది చివర్లో ల్యాప్‌టాప్ డిస్కు నిండిపోయింది. ‘డాకర్ సిస్టమ్ ప్రూన్’ అని, చివర ‘ఆల్’ కూడా తగిలించి కొట్టాను. వాడకంలో లేనివన్నీ తీసేస్తాను, సరేనా అని అది మర్యాదగానే అడిగింది. సరేనన్నాను. తర్వాత వారమే షావుకారు గారు పట్టుబడి కౌంటు కూడా చీటీలో పడాలన్నారు. ఒక గడి కలపడమే, పది నిమిషాల పని. కలిపి ఇమేజి మళ్ళీ కట్టాను. చీటీ బొమ్మ రాలేదు. ‘రైట్ పీఎన్‌జీ’ అనేదే లేదని ఎర్రర్.

నేను ముట్టుకోని చోట ఎర్రర్! జూన్‌కీ అప్పటికీ మధ్య లోకం కదిలింది. ఆగస్టులో డెబియన్ 11 వచ్చింది, నా ఇమేజి అడుగున ఉన్న పునాది మారింది. అక్టోబరులో పైథాన్ 3.10 వచ్చింది, ‘పైథాన్ 3’ అంటే అప్పటికి అదే. జూలై చివర వీజీప్రింట్ 53 వచ్చింది. అందులో వాళ్ళు పాత కైరో లైబ్రరీని వదిలేశారు, దాంతో పాటు పీఎన్‌జీ బొమ్మలు వెయ్యడం కూడా మానేశారు. చెప్పే మానేశారు. చదవనిది నేను.

పాత వెర్షన్లు పైథాన్ వాళ్ళ భాండాగారంలో భద్రంగానే ఉంటాయి. కానీ నాకు కావలసింది ఏ వెర్షను? దానికి ఆధారం నేను చెరిపేసిన ఇమేజిలో ఉండేది. ఇంకోటి నాగాయలంకలో నడుస్తోంది. మళ్ళీ బాబాయ్ గారికే ఫోను. నేను చెప్పిన కమాండు ఒక్కో అక్షరం కొట్టారు. స్క్రీను ఫోటో తీసి పంపితే చారలే కనబడ్డాయి తప్ప అక్షరాలు కనబడలేదు. “ఉండు బాబూ, చదువుతాను” అని కళ్ళజోడు పెట్టుకుని ఖాతా చదివినట్టు చదివారు. “వీ... సీ... ప్రింటు, ఈక్వల్, ఈక్వల్, యాభై రెండు పాయింటు ఐదు.” ముప్ఫై చిల్లర లైన్లు. ఒక్క అంకె తప్పు పోలేదు. కంప్యూటరు అలవాటు లేదని నేను చెప్పిన మనిషి ఆయనే.

ఆ రాత్రి ఆయన చదివిన జాబితానే ఇవాళ్టికీ ఆ ప్రాజెక్టులో ఉంది. ప్రతి లైబ్రరీకీ వెర్షనే కాదు, దాని హాష్ కూడా పక్కన రాసుంది. దించుకున్న ఫైలు దానికి సరిపోకపోతే, లైబ్రరీలు ఎక్కించే పిప్ అక్కడే ఆగిపోతుంది. పునాది ఇమేజిని ‘పైథాన్ 3’ అని పేరుతో కాకుండా దాని డైజెస్టుతో పిలుస్తాను. పేరు రేపు ఇంకోదాని మీదికి జరగొచ్చు, డైజెస్టు జరగదు. పాంగో లాంటివి డెబియన్ వాళ్ళ స్నాప్‌షాట్ ఆర్కైవ్ నుంచి ఫలానా తేదీ నాటివి కావాలని అడిగి తెచ్చుకుంటాను. ఫాంటు, దాని లైసెన్సు కోడుతోనే ఉంటాయి. మండలి లేకపోతే ప్రోగ్రాం అసలు మొదలవ్వదు, గట్టిగా అరిచి ఆగిపోతుంది. వీటన్నిటికన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది నలభై సరుకుల దొంగ చీటీ ఒకటి. ఏం మార్చినా, ఖాళీ ఇమేజి నుంచి కట్టి, ఆ చీటీ వేయించి, పాత బొమ్మతో పోల్చి చూస్తాను.

పోల్చడంలోనూ ఒక తమాషా జరిగింది. మొదట పీడీఎఫ్ ఫైళ్ళనే బైటు బైటూ పోల్చాను. ఎప్పుడూ తేడాయే! ఫైలు తయారైన సమయం కూడా పీడీఎఫ్ లోపల రాసి ఉంటుంది మరి. ఈ సమయాల గొడవతో డెబియన్ వాళ్ళు 2013 నుంచీ కుస్తీ పడుతున్నారు. ఒకే కోడు ఎవరు ఎక్కడ కట్టినా చివరి బిట్టు దాకా ఒకే ఫైలు రావాలన్నది వాళ్ళ పట్టుదల. గడియారం బదులు ఒక నిర్ణీత సమయాన్ని వాడమని చెప్పే ‘సోర్స్ డేట్ ఎపాక్’ అనే పద్ధతి ఆ కృషిలోంచి వచ్చిందే. ఇంత చాదస్తం ఎందుకని నవ్వుకునేవాణ్ణి. 2024 మార్చిలో, ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు సంగతి బయటపడ్డాక నవ్వడం మానేశాను. అందరూ చదవగలిగే కోడులో లేని దొంగ ముక్క ఒకటి విడుదల చేసిన ఫైళ్ళలో ఉంది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఒక ఇంజనీరు తవ్వితే దొరికింది. అయినా మేత కొట్టు చీటీకి బిట్టు దాకా వెళ్ళక్కర్లేదు, బొమ్మ సరిపోతే చాలు. మీ ప్రోగ్రాం ఏ బ్యాంకుదో అయితే నా మాట వినకండి.

ఒకటి దాచకూడదు. వెర్షన్లు బిగించి కూర్చుంటే తాళం వేసిన ఇంట్లోకి మంచిగాలి కూడా రాదు. లోపాలు సరిదిద్దిన కొత్త వెర్షన్లు మనంతట మనం వెళ్ళి తెచ్చుకోవాలి. పీడీఎఫ్ వేసి దాన్నుంచి బొమ్మ తీసే వేరే పనిముట్టు ఉంది, దానికి మారితే కొత్త వీజీప్రింట్ వాడుకోవచ్చు. తెలుసు. మారుద్దామనే అనుకుంటున్నాను. నాగాయలంక చీటీ మాత్రం ఇప్పటికీ 52.5 మీదే నడుస్తోంది.

మీ ప్రాజెక్టు ఒకసారి కొత్తవాడెవరికైనా, కొత్త మిషను మీద, కట్టమని ఇచ్చి చూడండి. పక్కనే కూర్చోండి గానీ నోరు విప్పకండి. “అది కాదయ్యా, ముందు ఇది చెయ్యి” అని చెప్పబోయి ఆపుకున్న ప్రతిచోటా, ఏం చెప్పబోయారో అది ఫైల్లో రాసిపెట్టండి.